రెండో రిమోట్‌లో స్టార్ట్ బటన్ ఉండదు

మా ఇంట్లో దాన్ని రిమోట్ అనేవాళ్ళం. కంట్రోలర్ అనే మాట నాకు చాలా ఏళ్ళ తర్వాత సూర్యాపేట గ్రంథాలయంలో, అట్ట ఊడిపోయిన ఒక మాసపత్రికలో కనిపించింది. ఇంటికొచ్చి చెబితే ఎవరూ పట్టించుకోలేదు. రిమోట్ అంటే దూరం నుంచి నడిపేది అని నిఘంటువు చూసి మరీ చెప్పాను. మా రిమోట్‌కు రెండు గజాల వైరు ఉండేది. టీవీకి అంత దగ్గరగా కూర్చుని నొక్కేదాన్ని రిమోట్ అనడం తప్పని నా వాదన. అన్న నవ్వి, "పేరేదైతే ఏంది, నీది రెండోదే గద" అన్నాడు.

ఆ రెండోది ఏమిటో ముందు చెప్పాలి. మా ఇంటికి రంగుల టీవీ వచ్చిన మరుసటి ఏడాది, టీవీకి తగిలించి గేములు ఆడుకునే క్యాసెట్ మిషన్ వచ్చింది. పైన క్యాసెట్ గుచ్చాలి. ముందువైపు రెండు రంధ్రాలు, వాటికి రెండు రిమోట్‌లు. ఒకటో రిమోట్‌కు ఎడమవైపు ప్లస్ గుర్తులాంటి బటన్, కుడివైపు రెండు ఎర్ర బటన్లు, నడుమ రెండు చిన్న రబ్బరు బటన్లు. ఆ రబ్బరు బటన్లలో ఒకటి స్టార్ట్. దాన్ని నొక్కితే ఆట మొదలవుతుంది. ఆట నడుస్తుండగా నొక్కితే ఆగుతుంది, మళ్ళీ నొక్కితే కదులుతుంది. రెండో రిమోట్‌కు ప్లస్ ఉంది, ఎర్ర బటన్లు ఉన్నాయి. నడుమ ఏమీ లేదు. నున్నటి ప్లాస్టిక్. అది పట్టుకున్న మనిషి ఆడొచ్చు గాని, మొదలుపెట్టలేరు, ఆపలేరు.

అన్న నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఒకటోది ఎవరి చేతిలో ఉండేదో వేరే చెప్పక్కర్లేదు. మా ఇద్దరికీ ఇష్టమైనది ట్యాంకుల ఆట. తెర కింద ఇటుకల మధ్య మా కోట, పైనుంచి శత్రు ట్యాంకులు. ఇద్దరం కలిసి కాపాడాలి. అన్నకు దాహం వేస్తే ఆట ఆగేది. గేటు దగ్గర ఎవరైనా పిలిస్తే ఆగేది. నాకు దాహం వేస్తే ఆగేది కాదు. అతను తిరిగొచ్చేదాకా నేను బొటనవేలు ప్లస్ మీద పెట్టుకుని, గడ్డకట్టిన తెరను చూస్తూ కూర్చునేదాన్ని. నాలో ఈ కుదురులేనితనం అక్కడే పుట్టిందని నా అనుమానం. ఇప్పటికీ క్యూలో నిలబడితే నా ఎడమ బొటనవేలు దానంతట అదే కదులుతుంటుంది.

ఇదంతా మళ్ళీ ఎందుకు గుర్తుకొచ్చిందంటే, పోయిన ఏడాది అన్న ఎడమ చెయ్యి బెల్టులో పడింది.

అన్న మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ఫిట్టరు. ఇరవై ఏళ్ళుగా అదే పని. వానాకాలం వడ్లు లారీల్లో వచ్చి రోడ్డు మీద బారులు తీరే రోజుల్లో, తిరుగుతున్న బెల్టు పక్కన చెయ్యి పెట్టాడు. వేళ్ళు మిగిలాయి. బొటనవేలిని లేపే నరం తెగింది. దవాఖానలో కుట్టారు. కట్టు విప్పాక డాక్టరు ఒకే మాట చెప్పాడట. మూడు నెలలు రోజూ కదిలిస్తే వేలు వస్తుంది, కదిలించకపోతే ఎట్లా ఉన్నది అట్లాగే బిగుసుకుపోతుంది. బొటనవేలు కదలని ఫిట్టరు నట్టు పట్టుకోలేడు. మిల్లువాళ్ళు మంచివాళ్ళే, గేటు దగ్గర కుర్చీ వేసి లారీలను లోపలికి పంపే పని ఇచ్చారు. అన్నకు ఆ కుర్చీ అంటే బెల్టు కంటే భయం.

భయం ఉన్న మనిషి వేలు కదిలించాలి కదా. కదిలించలేదు. ఫిజియోథెరపీ మేడం ఒక స్పాంజి బంతి ఇచ్చి రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి పది నిమిషాలు పిసకమన్నారు. అన్న నాలుగుసార్లు పిసికి లేచి నిలబడతాడు. కిటికీ దగ్గరికి పోతాడు. మళ్ళీ వచ్చి రెండుసార్లు పిసుకుతాడు. తర్వాత బంతి గోడకు తగిలి మంచం కిందికి పోతుంది. నాకు సూర్యాపేటలో జాకెట్లు కుట్టే షాపు ఉంది. కత్తెర చేతిలో ఉండగా వదిన ఫోన్ వచ్చింది. ఇవ్వాళ కూడా బంతి మంచం కిందికి పోయిందని, ఈసారి తాను వంగి తీయనని చెప్పింది. అప్పటికే నెల గడిచిపోయింది.

ఆ మధ్యాహ్నం షాపు మూసి గ్రంథాలయానికి పోయాను. నేను ఇంటర్ దగ్గర చదువు ఆపేసినదాన్ని. ఆ తర్వాత చదివిందంతా ఆ రెండు గదుల్లోనే, ఇనుప బీరువాల పక్కన బల్ల మీద. శరీరశాస్త్రం పుస్తకంలో చెయ్యి గురించిన అధ్యాయం రెండుసార్లు చదివాను. మిగతా నాలుగు వేళ్ళకు ఎదురుగా నిలబడగలిగేది బొటనవేలు ఒక్కటేనని, అందుకే మనిషి పనిముట్టు పట్టగలిగాడని అందులో ఉంది. చదువుతుంటే నా బొటనవేలు బల్ల అంచు మీద పైకీ కిందికీ నడుస్తోంది. అది చూసుకుని ఆగిపోయాను. ఇది బంతి పిసకడం కాదు. ఇది ప్లస్ బటన్.

అన్న కొడుకు ఇంజనీరింగ్ చదువుతూ హాస్టల్లో ఉంటాడు. వాడు కొనుక్కున్న కొత్త గేమ్ మిషన్ మిర్యాలగూడ ఇంట్లో టీవీ కింద దుమ్ము పట్టి ఉంది. మరునాడు బస్సెక్కి పోయి దుమ్ము తుడిచాను. దాని రిమోట్‌కు వైరు లేదు, ఇప్పుడు నిజంగానే రిమోట్. ప్లస్ బటన్ కూడా ఉంది గాని, ఈ కాలం ఆటలు ఎక్కువగా నడిచేది దాని పక్కనున్న చిన్న పుట్టగొడుగులాంటి పుల్లతో. ఎడమ బొటనవేలుతో దాన్ని అటూ ఇటూ వంచాలి. కార్ల ఆట పెట్టి అన్న చేతికిచ్చాను. కారు బయలుదేరింది. బొటనవేలు పుల్ల మీద నుంచి జారింది. కారు గోడకు కొట్టుకుంది. మళ్ళీ జారింది. మళ్ళీ గోడ. అన్న రిమోట్‌ను దివాన్ మీద పెట్టి, చొక్కా గుండీ సర్దుకున్నాడు.

"గిది పోరగాండ్ల చేతిది. నా చేతిది కాదు. తీసెయ్యి."

నేను తీసేశాను గాని ఆ మాటను అట్లాగే పట్టుకున్నాను. అతని చేతిది కాకపోతే, అతని చేతికి సరిపడేది ఏదో ఒక కాలంలో ఎవరో చేసే ఉంటారు. గేమ్ మిషన్లకు కూడా తరాలుంటాయి. తరానికో రిమోట్. ఇదీ ఆ మాసపత్రికలోనే చదివాను. ఒక తరానికి పిడికిలితో పట్టే కర్ర, ఒకదానికి ప్లస్, ఒకదానికి రెండు పుల్లలు. వెతికితే దొరుకుతుంది.

వెతకడానికి కోదాడ పోయాను. బస్టాండు వెనక సందులో పాత టీవీలు, గేమ్ మిషన్లు బాగుచేసే ఒకతను ఉన్నాడు. అతని బల్ల కింద వైర్లు పాముల్లా చుట్టుకుని ఉంటాయి. నేను అడిగింది విని, అదే మిషన్‌కు ముందు తరం రిమోట్ ఒకటి తీసిచ్చాడు. చూడగానే నాకు సంతోషం వేసింది. దాని పుల్ల అరిగి, నడుమ గుంట పడి ఉంది. అందులో బొటనవేలు జారదు. దాని వైరు పిన్ను కొత్త మిషన్‌కు పడుతుందా అని అడిగాను. పడుతుందన్నాడు. నేను ఇంకేమీ అడగలేదు. అదే నా తప్పు.

మిర్యాలగూడలో తగిలించాను. పిన్ను చక్కగా కూర్చుంది. తెర మీద ఒక వాక్యం వచ్చింది. ఈ ఆటకు ఈ కంట్రోలర్ చెల్లదని. అదే మిషన్ మీద పాత తరం ఆటలకు చెల్లుతుందట, కొత్త ఆటలకు చెల్లదట. అన్న తెరను, నన్ను మార్చి మార్చి చూశాడు.

"గిది గూడ లైబ్రరీలనే సదివినవా?"

మళ్ళీ కోదాడ. హుజూర్‌నగర్ మీదుగా పోయే బస్సు. ఒళ్ళో రిమోట్ పెట్టుకుని, దేనికీ తగిలించని బటన్లు నొక్కుతూ కూర్చున్నాను. పక్కన కూరగాయల గంప పెట్టుకున్న ఆమె కాసేపు చూసి, ఫోన్ పాడైందా అని అడిగింది. కాదు, మా అన్న చెయ్యి అన్నాను. ఆమె కొంచెం అవతలికి జరిగింది.

కోదాడ అతను నేను చెప్పింది విని తల గోక్కున్నాడు.

"మీరు పిన్ను పట్టుద్దా అన్నారు. పట్టుద్ది అన్నాను. పిన్ను పట్టుద్ది అక్కా, మిషనే పట్టదు. రెండూ ఒకటి కాదుగా."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకు గుచ్చుకుందో అప్పుడు అతనికి చెప్పలేదు. ఇక్కడా కొంచెం ఆగి చెబుతాను.

అతనే ఒక ఉపాయం చెప్పాడు. మా చిన్నప్పుడు సూర్యాపేట పాత బస్టాండు దగ్గర నిలబడి ఆడే గేమ్ డబ్బాలుండేవి. పైన ఎర్ర బంతి ఉన్న ఇనుప కర్ర, పక్కన పెద్ద బటన్లు. ఆడపిల్లలం లోపలికి పోయేవాళ్ళం కాదు, అన్న ఆడుతుంటే నేను గడప దగ్గర నిలబడి అతని మోచెయ్యి కదలడం చూసేదాన్ని. అట్లాంటి పాత డబ్బాలోంచి తీసిన కర్ర అతని దగ్గర ఉంది. దాన్ని చెక్కపెట్టెలో బిగించి, మధ్యలో కన్వర్టర్ అనే చిన్న డబ్బా పెట్టి, కొత్త మిషన్‌కు కలిపాడు. ఆ కన్వర్టర్ కర్ర మాటను మిషన్‌కు అర్థమయ్యే మాటగా మార్చి చెబుతుందట. దుబాసీ అన్నమాట అన్నాను. ఆయన ఎవరు అని అడిగాడు.

కర్ర పని చేసింది. అన్న దాన్ని పిడికిలితో పట్టుకున్నాడు. బొటనవేలు పక్కన ఊరికే వేలాడుతున్నా, నాలుగు వేళ్ళూ అరచెయ్యీ కలిసి కర్రను తిప్పేశాయి. కారు గోడకు తగలలేదు. అన్న ఒకసారి కూడా లేవకుండా గంటసేపు ఆడాడు. వదిన టీ పెట్టి తెచ్చి, తలుపు దగ్గరే నిలబడి చూసింది. నేను ఆ రోజు బస్సులో సూర్యాపేట దాకా కాళ్ళు ఊపకుండా కూర్చున్నాను. ఆ ఏడాదిలో అట్లా కూర్చున్నది అదొక్క రోజే కావచ్చు.

మూడు వారాలు అట్లా గడిచాయి. నాలుగో వారం నేను ఆ చెక్కపెట్టెను సంచిలో పెట్టుకుని, అన్నతో పాటు ఫిజియోథెరపీ మేడం దగ్గరికి పోయాను. మెచ్చుకుంటారని పోయాను, దాచడమెందుకు. మేడం చిన్న వయసు మనిషి, చేతులు చల్లగా, మాట వేడిగా ఉంటుంది. అన్న బొటనవేలు పట్టుకుని లేపి చూశారు. కొలిచే పరికరం పెట్టి చూశారు. పోయిన నెల ఎంత లేచిందో అంతే. ఇంకా చెప్పాలంటే వేలి మొదలు దగ్గర కొంచెం బిగుసుకుంది. ఏం చేస్తున్నారని అడిగారు. నేను పెట్టె తీసి బల్ల మీద పెట్టి, కర్ర ఎట్లా పట్టుకుంటాడో చూపించాను. బొటనవేలి అవసరమే లేదు మేడం అన్నాను.

"అదే గదమ్మా. ఏ వేలుకు పని చెప్పాల్నో ఆ వేలుకే సెలవిచ్చిన్రు."

అన్న నా వైపు చూడలేదు. మూడు నెలల్లో రెండు నెలలు అయిపోయాయి. ఒకటి అతను పోగొట్టాడు, ఒకటి నేను.

మేడం ఇంకేదో చెబుతున్నారు. నా కళ్ళు ఆమె వెనక అల్మారా మీద ఉన్నాయి. మైనంలాంటి ముద్దలు వరసగా డబ్బాల్లో ఉన్నాయి, ఒక్కోటి ఒక్కో రంగు. అవేమిటని అడిగాను. వేళ్ళతో పిసకడానికట. పసుపుది అన్నిటికంటే మెత్తన, తర్వాతది కొంచెం గట్టి, చివరిది బాగా గట్టి. మెత్తదానితో మొదలుపెట్టి గట్టిదాని దాకా పోవాలట. లేచిపోయి మూడింటినీ బొటనవేలుతో నొక్కి చూశాను. ఆ మెత్తదనం నాకు తెలుసు. కొత్త మిషన్ పుల్ల అట్లాగే ఉంటుంది, ఊదితే కదిలేటట్టు. నడిమిది, కొత్త మిషన్‌కూ మా క్యాసెట్ మిషన్‌కూ మధ్య వచ్చిన, వైరున్న తరం రిమోట్ మీది ప్లస్. చివరిది మా క్యాసెట్ మిషన్ రిమోట్. దాని ప్లస్‌ను నొక్కీ నొక్కీ చిన్నప్పుడు నా బొటనవేలు మీద కాయ కాచింది. తరాలన్నీ మెత్తగా అవుతూ వచ్చాయి. మేము వెనక్కి నడిస్తే సరి. మేడంకు చెప్పాను. ఆమె కొంచెం ఆలోచించి, నొప్పి పుడితే ఆపాలని, లేకపోతే పది నిమిషాలు మాత్రం ఆపకుండా చేయాలని అన్నారు. ఆపి ఆపి చేస్తే వేలు నేర్చుకోదన్నారు.

ఈసారి నేను వేలు తప్పించే పని చేయలేదు, వేలిని నిలబెట్టే పని చేశాను. లంగా నడుముల కోసం తెచ్చిన వెడల్పు ఎలాస్టిక్, జీన్సు గుడ్డ కలిపి ఒక పట్టీ కుట్టాను. అది రిమోట్‌ను అరచేతికి కట్టి ఉంచుతుంది, బొటనవేలు ఖాళీగా ఉంటుంది. పుల్ల మీద వేలు జారకుండా సైకిల్ ట్యూబు ముక్క కత్తిరించి టోపీలా తొడిగాను. అన్న పట్టీని తిప్పి తిప్పి చూసి, జాకెట్‌కు హుక్కులు పెట్టడం మర్చిపోయావా అన్నాడు. అతను ఎగతాళి చేశాడంటే వేసుకుంటాడని నాకు తెలుసు.

మొదటి పది రోజులు మెత్తని పుల్ల. కారు గోడలకు తగులుతూనే పోయింది. తర్వాత కోదాడ నుంచి వైరున్న తరం మిషన్ తెచ్చాం. దానికి ప్లస్ బటన్‌తో ఆడే ఆటలు పెట్టాను. వేలు పక్కలకు బాగానే పోతోంది. పైకి చాచడం దగ్గరే కష్టం. అక్కడికొచ్చేసరికి అన్న ముఖం ముడుచుకుంటుంది, కుడి చెయ్యి చల్లగా స్టార్ట్ నొక్కేస్తుంది. ఆట ఆగుతుంది. లేస్తాడు. కిటికీ. నీళ్ళు. ఫోన్. మళ్ళీ వస్తాడు. రెండు నిమిషాలు ఆడతాడు, ఆపుతాడు. నొప్పి ఉందా అంటే లేదంటాడు. మరి ఎందుకు ఆపావంటే చిరాకు అంటాడు. బంతి రోజులు మళ్ళీ వచ్చాయి. ఎడమ చేతికి పని పడిన ప్రతిసారీ కుడి చెయ్యి దాన్ని కాపాడుతోంది. నేను పక్కన కూర్చుని, ఆగిన తెరను చూస్తూ ఉన్నాను. ఈ కూర్చోవడం నాకు కొత్త కాదు.

ఆ రోజే సూర్యాపేట వచ్చి, కుట్టు మిషన్ పక్కనున్న గుడ్డల పెట్టె అడుగు నుంచి మా క్యాసెట్ మిషన్ తీశాను. పాలిథిన్ సంచిలో రెండు రిమోట్‌లతో సహా అట్లాగే ఉంది. అది పాడైపోయి ముప్పై ఏళ్ళు కావస్తోంది. కోదాడ అతని బల్ల మీద పెట్టాను. అతను మూత విప్పి లోపలికి టార్చి వేశాడు.

"ఒకటో రిమోట్ పిన్ను దగ్గర కాలింది అక్కా. వేరే మిషన్ రిమోట్ పెట్టారా ఎవరన్నా దీనికి?"

ఇక ఇక్కడ చెప్పాలి. ఆ రోజుల్లో మా వీధిలో ఇంకో ఇంట్లో వేరే రకం గేమ్ మిషన్ ఉండేది. దాని రిమోట్ పిన్నుకు కూడా తొమ్మిది రంధ్రాలే, మా దాని లెక్కనే. దాని మీద స్టార్ట్ బటన్ ఉండేది. అన్న ఊళ్ళో లేని ఒక మధ్యాహ్నం, ఒకటో రిమోట్‌ను అతను ఎక్కడో దాచి పోయాడు కాబట్టి, ఆ రిమోట్ అడిగి తెచ్చుకున్నాను. నాకంటూ ఒక స్టార్ట్ బటన్. మా మిషన్ ఒకటో రంధ్రంలో గుచ్చితే పట్టింది. పట్టింది కాబట్టి పని చేస్తుందనుకున్నాను. రంధ్రాలు తొమ్మిదే గాని లోపల వైర్లు వేరే వరసలో ఉంటాయని అప్పటికి ఏ పుస్తకంలోనూ చదవలేదు. తెర ఒకసారి మెరిసి నల్లబడింది. ఆ తర్వాత మిషన్ వెలిగేది, ఒకటో రిమోట్ మాత్రం చచ్చిపోయింది. రెండోది పని చేసేది. కానీ రెండోదానితో ఆట మొదలుపెట్టలేం కదా. అన్న వచ్చి అడిగితే ఓల్టేజీ ఎక్కువై కాలిందని చెప్పాను. మా ఆటలు అక్కడితో ఖతం.

కోదాడ అతనికి అవునన్నాను, నేనే పెట్టానన్నాను. అతను నవ్వి, దుకాణానికి వచ్చే సగం మిషన్లు అట్లానే చచ్చాయన్నాడు. కాలిన చోట కొత్త తీగ వేసి, ఈ కాలం టీవీకి కలపడానికి ఇంకో కన్వర్టర్ ఇచ్చాడు.

మిర్యాలగూడలో, ఎండ కిటికీలోంచి దివాన్ దాకా వచ్చిన వేళ, మిషన్ పెట్టి ట్యాంకుల ఆట క్యాసెట్ గుచ్చాను. అన్న దాన్ని చూసి ముందుకు వంగాడు. మిషన్‌ను చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఎవరు బాగుచేశారు, ఏం పోయింది అని అడిగాడు. ఫిట్టరు కదా, ఏం పోయిందో తెలుసుకోకుండా ఉండలేడు. చెప్పాను. వేరే ఇంటి రిమోట్, తొమ్మిది రంధ్రాలు, నల్లబడిన తెర, అన్నీ. ఇంత వయసొచ్చాక అన్న ముందు అట్లా నిలబడతానని అనుకోలేదు.

అన్నకు నిజంగానే కోపం వచ్చింది. నవ్వి వదిలేస్తాడనుకున్నాను. మెడ ఎర్రబడింది.

"ముప్పై ఏండ్లు నేను ఓల్టేజీని తిట్టిన. మిల్లుల స్టెబిలైజర్ పెట్టినప్పుడల్లా మా గేమ్ గిట్లనే కాలిందని అందరికి చెప్పిన."

వదిన వంటింట్లోంచి తొంగిచూసింది. నేను నేల చూస్తున్నాను. అన్న రెండు రిమోట్‌ల వైర్ల చిక్కు తీయడం మొదలుపెట్టాడు. కుడి చేత్తో లాగుతూ, ఎడమ చేత్తో పట్టుకుంటూ. బొటనవేలు వైరు మీద ఆనింది, జారింది, మళ్ళీ ఆనింది. చిక్కు తీసి, ఒకటో రిమోట్‌ను నా ఒళ్ళోకి విసిరాడు.

"ఇగో. గిదే గద నీకు గావాల్సింది. పట్టుకో."

మరి నీకు అన్నాను. అతను రెండో రిమోట్‌ను తిప్పి నడుమ చూశాడు. నున్నటి ప్లాస్టిక్ మీద కుడి బొటనవేలుతో రెండుసార్లు రాశాడు, ఏదో వెతుకుతున్నట్టు.

"దీనికి ఆపేది లేదు. నేనే ఆపుకుంటున్న గదనే రోజు. నొప్పైతే నొప్పి అని చెప్త. ఊకె ఆపుమంటె మాత్రం ఆపకు."

గోడ గడియారంలో పది నిమిషాలు లెక్క పెట్టుకుని స్టార్ట్ నొక్కాను. ముప్పై ఏళ్ళ కింది సంగీతం, కొంచెం బొంగురుగా. కింద కోట, రెండు ట్యాంకులు. నాది పసుపుది, ఇప్పటిదాకా అతనిది. పక్కన ఆకుపచ్చది, ఇప్పటిదాకా నాది. అన్న ట్యాంకు కింది వరసలోనే అటూ ఇటూ నడిచింది. పక్కలకు పోవడం వచ్చు. పైనుంచి శత్రువు దిగుతున్నాడు. పైకి పోవాలంటే ప్లస్ పై కొమ్మను నొక్కాలి, బొటనవేలు చాచాలి. ఆ గట్టి ప్లస్ మీద అతని వేలు వణుకుతోంది. పక్కకు పోయి, మళ్ళీ పక్కకు వచ్చింది.

మూడో నిమిషంలో ఆపు అన్నాడు. నొప్పా అని అడిగాను. నొప్పి అని అనలేదు. నేను ఆపలేదు. మోకాలు ఊగుతోంది, నాదో అతనిదో తెలియలేదు, ఇద్దరం ఒకే దివాన్ మీద ఉన్నాం. ఐదో నిమిషంలో మళ్ళీ అన్నాడు.

"ఆపవే."

నా కుడి బొటనవేలు అప్పటికే స్టార్ట్ మీద ఉంది. అన్న చెప్పినట్టు వినడం దానికి చిన్నప్పటి నుంచి అలవాటు. దాన్ని అక్కడి నుంచి తీయడానికి నాకు వేరే దారి కనిపించలేదు. రిమోట్‌ను నేల మీద పెట్టి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను. కాపలా లేని నా పసుపు ట్యాంకు పేలిపోయింది. కోట ముందు ఇటుకలు ఒక్కొక్కటే రాలుతున్నాయి. అన్న నన్ను ఏదో తిట్టాడు, తిడుతూనే పెదవి కొరికి, వేలు చాచాడు. ఆకుపచ్చ ట్యాంకు మూతి పైకి తిరిగింది. ఆగింది. ఒక ఇటుక ఎత్తు పైకి పోయింది.

గడియారంలో ఇంకా నాలుగు నిమిషాలు ఉన్నాయి.